మిలాదా తాళాలు, నా ఫిర్యాదులు

మా కోడలు మిలాదా బ్రెమెన్‌లో ఉండే హార్ట్‌విగ్ అనే పెద్దమనిషితో తగువు పెట్టుకుని గెలవడం నేను కళ్ళారా చూశాను. అలాగని ఆయన మా ఇంటికి రాలేదు. ఆయన బ్రెమెన్‌లోనే ఉన్నాడు, మా కోడలు ఇక్కడ చెక్ దేశంలో, బర్నోలో మా వంటింటి బల్ల దగ్గర ఉంది. నేను క్నెడ్లీకులకి, అంటే నీళ్ళలో ఉడకబెట్టే పిండి ముద్దలకి, పిండి పిసుకుతున్నాను, తను కంప్యూటర్ మీద టకటకలాడిస్తోంది. ఇంత నిశ్శబ్దంగా జరిగిన పోట్లాట నా జీవితంలో ఇంకోటి చూడలేదు. నేను చేసినవన్నీ కింది అంతస్తు దాకా వినబడినవే.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"నా కోడ్‌లో మెమరీ అడిగే ప్రతిచోటా ఒక చీటీ తగిలించాలట అత్తయ్యా."

"ఏమని?"

"'ఫైళ్ళ జోలికి పోవద్దు' అని. తాళం వేసే చోట మాత్రం ఉంటే చాలంటాను నేను."

"తగిలించు, పోయేదేముంది? పిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు ఉంటుంది."

"ఇంట్లో ప్రతి గుమ్మం మీదా 'జాగ్రత్త, మెట్టు ఉంది' అని రాసిపెడితే, నిజంగా మెట్టు ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది?"

"ఈ మాట బాగుంది. ఇదే రాయి."

"రాసేశాను."

ఈ కోడ్ రాసేవాళ్ళ లోకంలో ఒక పద్ధతి ఉంది. ఉత్తరాలన్నీ బహిరంగమే, దారిన పోయేవాడెవడైనా చదువుకోవచ్చు. ఎదుటివాడు రాసిన వాక్యం ఒకటి అలాగే ఉంచి దాని కిందే జవాబు రాయాలి. తర్వాత ఇంకో వాక్యం, దాని కింద ఇంకో జవాబు. అన్నిటికీ కలిపి పైన ఒక కట్టగా జవాబు పారేస్తే వాణ్ణి మర్యాద తెలియనివాడిగా చూస్తారు. ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. పోయిన మా ఆయనతో నేను జీవితమంతా చేసింది ఇదే. ఆయన ఒక మాట అంటే దాని కింద నాది ఒకటి పడేది. కంప్యూటర్ లేదు గనక నన్ను గయ్యాళి అన్నారు.

క్నెడ్లీకులు ఉడికేలోపల హార్ట్‌విగ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. ఆయన మామూలు మనిషి కాడు. చిన్న చిన్న ఫైల్ సిస్టమ్‌లన్నిటినీ పోగుచేసి పైకి పంపించేది ఆయనే. మిలాదా రాసిన పొడుగు వాదన కింద రెండే మాటలు రాశాడు. "సరే. తీసుకున్నాను."

తను నవ్వలేదు, లేచి గెంతలేదు. కప్పులో చల్లారిపోయిన లిండెన్ టీ తాగేసి, "అత్తయ్యా, ఉల్లిపాయలు తరగనా?" అంది. గెలిచినప్పుడు ఎలా ఉండాలో కూడా తెలియని పిల్ల అనుకున్నాను. నేనైతే మెట్లమీద నిలబడి ప్రతి తలుపుకీ చెప్పి వచ్చేదాన్ని. నిజానికి తను వెళ్ళాక నేను చేసింది అదే. ఏం గెలిచిందని మూడో అంతస్తు క్రొపాచెక్ గారు అడిగితే, జర్మనీవాడి చేత తాళాల విషయంలో తప్పు ఒప్పించిందని చెప్పాను. ఆయన తన తలుపు తాళం వైపు ఒకసారి చూసుకున్నాడు.

మిలాదా త్రెబీచ్ ఊరి పిల్ల. మా అబ్బాయి వీట్ ట్రామ్ నడుపుతాడు. తను రోజూ అదే ట్రామ్‌లో చివరి స్టాప్ దాకా పోయి, దిగకుండా మళ్ళీ వెనక్కి వచ్చేదట, కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని. తనకోసమే వస్తోందని వీడు అనుకున్నాడు. తాళం గురించి ఆలోచిస్తూ దిగడం మరిచిపోయిందని పెళ్ళయ్యాక తెలిసింది. నేను డిపో క్యాంటీన్‌లో గరిటె తిప్పిన మనిషిని, ఎనిమిదో తరగతి కూడా సరిగ్గా దాటలేదు. కోడలు ఇంట్లో చెప్పులతో కూర్చుని పగలంతా గోడవైపు చూస్తుంటే ఉద్యోగం ఊడిందనుకుని, వీట్‌కి తెలియకుండా డిపో మేనేజర్ని కలిసి తనకి క్యాంటీన్‌లో పని అడిగి వచ్చాను. ఇప్పిస్తానన్నాడు కూడా. ఆ వార్త చెప్పినప్పుడు మిలాదా చాలా మర్యాదగా కృతజ్ఞతలు చెప్పింది.

తను ఉద్యోగం చేసే కంపెనీ తన చేత ఇంకేవో పనులు చేయించుకుంటుంది. ఈ ఫైల్ సిస్టమ్ మాత్రం తను పెంచుకుంటున్నది. కంప్యూటర్ నడిబొడ్డులో కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. అందులో ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో, ఏ పేరుతో ఉందో చూసుకునే భాగమే ఫైల్ సిస్టమ్. అలాంటివి చాలా ఉన్నాయి. మిలాదాది పాతది, చిన్నది. కొండలమీది వాతావరణ కేంద్రాల్లో ఉండే బక్క కంప్యూటర్లలో ఇప్పటికీ అదే నడుస్తుంది. దాన్ని కట్టిన నార్వే ముసలాయన ఒకరోజు "అలిసిపోయాను, ఎవరైనా తీసుకుంటారా?" అని రాశాడట. ప్రపంచం మొత్తంమీద మిలాదా ఒక్కతే జవాబిచ్చింది. నా మనవరాలు అప్పుడు తన కడుపులో ఉంది. ఇద్దర్నీ ఒకేసారి పెంచింది. పిల్ల ఎదిగి సొంతంగా స్కూలుకి పోతోంది. రెండోది ఇంకా చంక దిగలేదు.

గెలిచిన తర్వాత మిలాదా ఏం చేసిందంటే, ఆ చలికాలమంతా కూర్చుని పాతకాలం నుంచి తన కోడ్‌లో అంటుకుని ఉన్న చీటీల్ని ఒక్కొక్కటే పీకేసింది. పీకేసి, తాళం వేసే చోట మాత్రం ఒక గీత గీసింది. ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా తాళం నా చేతిలో ఉంది, ఈ మధ్యలో నేను మెమరీ అడిగితే ఫైళ్ళ జోలికి రాకండి అని. శుభ్రమైన పని. మా ఇంట్లో క్రిస్మస్ ముందు నేను చేసే దులుపుడు కూడా అంత శుభ్రంగా ఉండదు, నా దులుపుడు ఎక్కువగా నోటితోనే జరుగుతుంది.

వసంతం వచ్చేసరికి రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండూ కొండల మీద నుంచే. కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది, ప్లగ్ పీకి పెడితే తప్ప కదలడం లేదు అని. మిలాదా తన కంప్యూటర్లో వారాల తరబడి ప్రయత్నించింది. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. హార్ట్‌విగ్ ప్రయత్నించాడు, ఆయనకీ కాలేదు. అప్పుడాయన అందరూ చదివేలా ఒక ఉత్తరం రాశాడు. ఈ ఫైల్ సిస్టమ్‌ని చూసుకునేది ఒకే మనిషి, జబ్బేమిటో ఆ మనిషికీ తెలియడం లేదు, వచ్చే కెర్నెల్ నుంచి దీన్ని తీసేద్దాం అని.

ఈ సంగతి నాకు ఒక ఆదివారం భోజనాల దగ్గర తెలిసింది. స్విచ్కోవా వండాను, క్రీము సాస్‌లో గొడ్డుమాంసం, పక్కన క్నెడ్లీకులు. మిలాదా సాస్‌లో క్నెడ్లీకు ముక్కని ఇటునుంచి అటు తోస్తోంది.

"సాస్ బాలేదా?"

"బాగుంది అత్తయ్యా."

"మరి ఆ ముక్కకి ఈత నేర్పుతున్నావేం?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు వీట్. "తన ఫైల్ సిస్టమ్‌ని తీసేస్తున్నారు."

"ఎవరు?"

"హార్ట్‌విగ్."

"వాణ్ణి ఇది గెలిచింది కదా."

"గెలిస్తే? ఆగిపోవడం ఎందుకో చెప్పలేకపోతే తీసేస్తారు. ఈ నెల దాటితే ఇక లేనట్టే."

మిలాదా కంచం మీంచి తలెత్తలేదు. "పదకొండేళ్ళు చూసుకున్నాను అత్తయ్యా," అంది. అంతే అంది. నా దగ్గర ఎవరైనా బాధపడితే నాకు చేతనైన ఓదార్పు ఒక్కటే, నా బాధలు చెప్పడం. "నీ హార్ట్‌విగ్ ఎంత, మా క్రొపాచెక్ ముందు. రా, చూపిస్తాను," అని లేవదీసి, గదిలో మూల ఉన్న నా కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోయాను.

నా కంప్యూటర్ గురించి చెప్పాలి. వీట్ పారేయబోతే నేను ఆపినది. అందులో మెమరీ చాలా తక్కువ, నా చదువంత. మిలాదా దానిలో తన ఫైల్ సిస్టమ్‌నే పెట్టి ఇచ్చింది. నా మీద గౌరవంతో పెట్టిందని చాలాకాలం అనుకున్నాను. అత్తగారి కంప్యూటర్లో ఏది పోయినా లోకానికి నష్టం లేదని పెట్టిందట. నేను తెరిచిన విండో మూయను. మూస్తే మళ్ళీ ఎక్కడ వెతుక్కోవాలి? ట్రామ్ వేళలు, వాతావరణం, పేకాట, ఎప్పుడో చూసిన పుట్టగొడుగుల బొమ్మలు, ఏ సీరియల్ ఎక్కడ ఆపానో అది, అన్నీ తెరిచే ఉంటాయి.

ఇక ఫైళ్ళు. అవన్నీ హౌస్ కమిటీకి నేను రాసే ఫిర్యాదులు. ఒక్కొక్క ఫైలు పేరు ఇలా, చివర నా పేరుతో సహా ఉంటుంది. "మూడో అంతస్తు క్రొపాచెక్ గారి కుక్క లిఫ్ట్‌లో చేసిన పని గురించీ ఆయన దాన్ని చూసి కూడా చూడనట్టు దిగిపోవడం గురించీ ఒటీలియె కొజ్లీకోవా." లోపల తెరిచి చూస్తే "ఇట్లు" అన్నది తప్ప పెద్దగా ఏమీ ఉండదు. చెప్పాల్సిందంతా పేరులోనే అయిపోతుంది. కుక్క మళ్ళీ ఆ పని చేస్తే కొత్త ఫైలు దండగ అని పాతదాని పేరు చివర "మళ్ళీ" అని చేరుస్తాను. ఆ ఫైలుకి అప్పటికి చాలా "మళ్ళీ"లు ఉన్నాయి.

"చూడు, నిన్న ఏం చేసిందో," అని మిలాదా ముందే ఇంకో "మళ్ళీ" చేర్చి, మీట నొక్కాను.

బిగుసుకుపోయింది. బాణం గుర్తు కూడా కదల్లేదు.

"ఇదీ వరస," అన్నాను, ప్లగ్ పీకడానికి వంగుతూ.

మిలాదా నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళైన దగ్గర్నుంచి నాకు ఎదురుచెప్పని పిల్ల, మణికట్టు నొప్పెట్టేలా పట్టుకుంది. "ముట్టుకోకండి," అంది. నాతో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడరు, నేనే మాట్లాడతాను. కాబట్టి ముట్టుకోలేదు.

కుర్చీ లాక్కుని కూర్చుంది. కొన్ని మీటలు కలిపి ఒకేసారి నొక్కింది. చావబోయే మనిషి చేత ఆఖరి మాట చెప్పించినట్టు, బిగుసుకున్న కంప్యూటర్ చేత కూడా ఎవడు ఎక్కడ ఆగాడో చెప్పించే మీటలట అవి. తెర నిండా వరసలు పడ్డాయి. ఫోన్‌తో ఫోటో తీసుకుని, వేలు పెట్టి కింది నుంచి పైకి చదివింది.

"పేరు మారుస్తోంది. డైరెక్టరీ తాళం వేసుకుంది. మెమరీ అడిగింది. మెమరీ లేదు," అని ఆగింది. "అత్తయ్యా, ఇది ఎన్నాళ్ళనుంచి ఇలా ఆగిపోతోంది?"

"చలికాలం నుంచీ. చెప్పాను కదా."

"ఎప్పుడు చెప్పారు?"

"క్రిస్మస్ భోజనాల్లో. కార్ప్ చేపలో ముళ్ళున్నాయని చెప్పిన తర్వాత, వీట్ జుట్టు గురించి చెప్పకముందు."

"అమ్మా," అన్నాడు వీట్ గుమ్మంలోంచి, "నువ్వు ఆ రోజు చెప్పినవాటిలో నిజమేదో ఎలా ఏరుకుంటాం?"

ఆ మాటకి దాని కింద జవాబు పెట్టడానికి నోరు తెరిచాను. వచ్చింది "నిజమే" అన్న మాట. నేను ఇన్ని ఫిర్యాదులు చేస్తాను గనక నిజమైనదొకటి వాటిలో పడితే గడ్డివాములో సూదిలా దొరకదు. లిఫ్ట్ మీద ఇరవై ఫైళ్ళున్న మనిషిని, కంప్యూటర్ మీద ఒక్క ఫైలు కూడా రాయలేదు. కంప్యూటర్ మీద ఫిర్యాదు కంప్యూటర్లోనే రాయడం మర్యాద కాదనిపించింది.

మిలాదా మమ్మల్ని వినడం లేదు. "నేనే," అంది. "ఇక్కడ చీటీ పీకింది నేనే."

అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఫైలు పేరు మార్చేటప్పుడు ఇంకొకరు వేలు పెట్టకుండా డైరెక్టరీకి, అంటే ఫైళ్ళ పేర్ల జాబితాకి, తాళం వేస్తారు. పేరు చిన్నదైతే ఉన్న చోటులోనే ఇమిడిపోతుంది. పొడుగైతే కొత్తగా కాస్త మెమరీ కావాలి. మెమరీ నిండుకుంటే, అడిగినవాడినే ఫైల్ సిస్టమ్‌లోకి పంపిస్తారు, అక్కడ పేరుకున్నవి డిస్కులోకి దించి చోటు చేసుకోమని. దించాలంటే డైరెక్టరీ తాళం కావాలి. ఆ తాళమేమో మెమరీ అడిగినవాడి చేతిలోనే ఉంది.

"తెలిసింది," అన్నాను. "స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుని తువ్వాలు అడగడం."

"కాదు అత్తయ్యా. అక్కడ తువ్వాలు తెచ్చేది ఇంకో మనిషి. ఇక్కడ అడిగినవాడే తేవడానికి వెళ్తాడు. వెళ్ళి ఒక తలుపు తడతాడు. లోపలినుంచి ఎవరూ పలకరు, పలకాల్సింది తనే గనక."

నాకు మాత్రం ఇప్పటికీ తువ్వాలే అర్థమైంది. క్రొపాచెక్ గారికి అదే చెప్పాను. ఆయన చాలా లోతుగా తల ఊపాడు. ఇద్దరం తప్పుగా, కానీ పూర్తిగా అర్థం చేసుకున్నాం.

"ఇంతమంది చదువుకున్నవాళ్ళకి ఎందుకు దొరకలేదు?" అని అడిగాను.

"మా కంప్యూటర్లలో మెమరీ ఎప్పుడూ నిండుకోదు. అదీగాక నేను పరీక్షకి పెట్టే ఫైళ్ళ పేర్లు ఎ, బి, సి. మావాళ్ళందరూ అంతే. ఇంత పొడుగు పేరు ఎవరూ పెట్టరు అత్తయ్యా."

"కొండమీద వాళ్ళు?"

"వాళ్ళు కేంద్రం పేరు, తేదీ, గాలి, వాన, అన్నీ కలిపి పేరు పెడతారు." నా "మళ్ళీ"ల వైపు చూసింది. "మీలాగే."

అక్కడే నా బల్ల దగ్గర కూర్చుని దిద్దుబాటు రాసింది. తాళం మూడు మెట్లు పైన వేస్తున్నారట, మెమరీ కింద అడుగుతున్నారట, ఆ తాళం దగ్గర గీత గీయడం మరిచిందట. గీత గీసింది. ఆ దిద్దుబాటు పైన హార్ట్‌విగ్‌కి ఉత్తరం రాస్తూ నాకు చదివి వినిపించింది. "చలికాలంలో మీరు చెప్పింది ఈ ఒక్కచోట నిజం. ఇక్కడి చీటీ నేను పీకాను, బదులుగా పెట్టాల్సింది పెట్టలేదు."

"ఆగు, ఆగు," అన్నాను. "లోకమంతా చదువుతుంది. గెలిచినదాన్ని ఎవరైనా చేజేతులా తిరిగి ఇస్తారా? నెపం ఏదో వాతావరణం మీద పెట్టు."

"అది రాయకపోతే ఈ గీత ఎందుకు గీశానో పదేళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకి తెలియదు అత్తయ్యా. మళ్ళీ పీకేస్తారు."

పంపించేసింది. ఆ తర్వాత స్విచ్కోవా వేడి చేసుకుని తింది. రెండోసారి సాస్ అడిగింది.

హార్ట్‌విగ్ జవాబు మర్నాటికి వచ్చిందని వీట్ ఫోన్‌లో చెప్పాడు. వాక్యం కింద వాక్యంగా రాశాడట. ఒకచోట "ఒప్పుకుంటున్నాను" అన్నాడు. ఇంకోచోట "మీరు చెప్పిన మొదటి వాదన అప్పుడూ సరే, ఇప్పుడూ సరే" అన్నాడు. అది విని నేను ఆయన్ని క్షమించాను. కానీ చివర ఒక మెలిక పెట్టాడట. దిద్దుబాటు బాగుంది, అయితే రాసిన మనిషే పరీక్షించుకునే ఫైల్ సిస్టమ్‌ని ఉంచుకోలేము, ఇలాంటివి ఇంకెన్ని దాగి ఉన్నాయో, ఇది చూపించిందెవరో వాళ్ళు ప్రతి కొత్త కెర్నెల్‌నీ చూసిపెడతారంటే వాళ్ళ పేరు కింద రాయండి, ఉంచుతాను, లేకపోతే నా పాత మాటే ఖాయం అని.

ఆ సాయంత్రం మిలాదా ఒక్కతే వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. నాకు తెలుసు ఎందుకు వచ్చిందో. విండోలు మూయండి, పాత ఫైళ్ళు తీసేయండి, పేర్లు కురచ చేయండి అంటుంది. వీట్ ఏళ్ళ తరబడి చెబుతున్నదే. దానికి జవాబులు నా దగ్గర వరసగా సిద్ధంగా ఉన్నాయి.

"రా, కూర్చో. ఏదైనా ఉంటే సూటిగా చెప్పు," అన్నాను, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అడగాలంటే మొహమాటంగా ఉంది అత్తయ్యా."

"నేను ఒక్క విండో కూడా మూయను. ముందే చెబుతున్నాను."

"మూయకండి," అంది. "హార్ట్‌విగ్ అడిగిన పేరు మీదే. ప్రతి ఆదివారం కొత్త కెర్నెల్ వస్తుంది. భోజనానికి వచ్చినప్పుడు నేనే మీ కంప్యూటర్లో పెట్టి వెళ్తాను. మీరు ఇంకో నాలుగు విండోలు తెరవండి. ఫిర్యాదులు రాయండి, పేర్లు ఎంత పొడుగైనా పెట్టండి, మార్చండి, మళ్ళీ మార్చండి. ఆగిపోతే ప్లగ్ పీకకుండా నాకు ఫోన్ చెయ్యండి."

"ఆగకపోతే?"

"ఆగకపోయినా ఫోన్ చెయ్యండి అత్తయ్యా. అంతా బాగానే ఉందని మీ నోటితో చెప్పాలి."